తిరుపతి, చిత్తూరు నుంచి కొండ రైలు ఎక్కాలంటే: ఊటీ, అరకు, సకలేశ్‌పుర, దూధ్‌సాగర్‌లలో ఏది ఎవరికి సరిపోతుంది?

వేసవి సెలవులో, దసరా సెలవులో దగ్గరపడితే చాలు, మా చిత్తూరు వైపు ఇళ్లలో "ఈతూరి యాడికి పోదాం?" అన్న మాట మొదలవుతుంది. కొండల్లో రైలు ఎక్కాలని పిల్లలు పట్టుబడతారు. నాయన ఊటీ అంటాడు. పిన్నమ్మ వాళ్లు అరకు అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న సకలేశ్‌పుర లైను గురించి చెప్తాడు. ఇంకెవరో ఫోన్‌లో దూధ్‌సాగర్ జలపాతం వీడియో తీసి చూపిస్తారు. ఏదీ తేలకముందే టికెట్లు అయిపోతాయి. చివరికి కారు మాట్లాడుకుని హార్స్‌లీ హిల్స్‌కో ఏలగిరికో వెళ్లి వచ్చేస్తారు.

వీటిలో ఏది అందమైనదని అడిగితే ఎప్పటికీ తేలదు, నాలుగూ అందమైనవే. తేల్చుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. ఆ రైలు ఘాట్‌ను పగటిపూట దాటుతుందా? మన ఊరి నుంచి వెళ్లే బండి దానికి సరిగ్గా కలుస్తుందా? మనతో వచ్చేవాళ్ల ఒంటికి ఆ ప్రయాణం పడుతుందా? ఈ మూడింటికి జవాబు దొరికితే ఎంపిక దానంతటదే అయిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వెలుగు. మన దేశంలో చాలా రైళ్లు ఘాట్ భాగాలను రాత్రిపూట దాటేస్తాయి. బెంగళూరు నుంచి మంగళూరు, కార్వార్ వైపు వెళ్లే రాత్రి బండి ఎక్కి, తెల్లారి లేచి "కొండలెక్కడ?" అని అడిగేవాళ్లు చాలామంది. రైలు పేరు చూసి టికెట్ తీయకండి. ఘాట్ మొదలయ్యే స్టేషన్, ముగిసే స్టేషన్ రెండూ తెలుసుకుని, ఆ రెండు చోట్లా టైమ్ ఎంతో చూడండి. ఊటీకి కల్లార్, కూనూర్. అరకుకి శృంగవరపుకోట, అరకు. సకలేశ్‌పుర లైనుకి సకలేశ్‌పుర, సుబ్రహ్మణ్య రోడ్. దూధ్‌సాగర్‌కి క్యాసిల్ రాక్, కులెం. ఈ జంట స్టేషన్ల పేర్లు రాసి పెట్టుకుంటే ఏ రైలు పనికొస్తుందో మీరే చెప్పేయగలరు.

రెండోది కలిసే బండి. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ రాత్రి బయలుదేరితే పొద్దున్నే కొండ రైలు దొరుకుతుందా, లేక మధ్యలో ఒక రాత్రి లాడ్జిలో పడుకోవాలా అన్నది ఖర్చునూ సెలవులనూ రెండింటినీ మార్చేస్తుంది. నలుగురు ఉన్న కుటుంబానికి ఒక అదనపు రాత్రి అంటే గది, రెండు పూటల తిండి, స్టేషన్‌కి ఆటో, ఇంకో రోజు సెలవు.

మూడోది ఒళ్లు. బాత్రూమ్ లేని బండిలో షుగర్ ఉన్న తాత ఎంతసేపు కూర్చోగలడు? మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఇరుకు సీటులో సర్దుకోగలదా? ఎవరూ పైకి అడగరు, తీరా బండి ఎక్కాక అదే పెద్ద టెన్షన్ అవుతుంది. ఇంకో సంగతి, తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతులు చేసుకునే పిల్లలు మన ఇళ్లలో కనీసం ఒకరుంటారు. వాళ్లకు కొండ రైలు చాలా నయం. వేగం తక్కువ, మలుపులు బస్సులో లాగా ఒక్కసారిగా తిప్పవు. తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకుంటే మాత్రం ఆ ఇబ్బంది మళ్లీ ఎదురవుతుంది.

ఆ తర్వాత కాలం, టికెట్, దిగాక అక్కడ ఏముంది అన్నవి. వాటిని ఒక్కో మార్గం దగ్గర చెప్తాను.

| మార్గం | కొండ భాగం | ఇక్కడి నుంచి ఎలా | మధ్యలో రాత్రి బస | మంచి కాలం |
|---|---|---|---|---|
| మెట్టుపాళయం – ఊటీ | 46 కి.మీ., పైకి దాదాపు 5 గంటలు | కాట్పాడిలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ | అక్కర్లేదు | జనవరి నుంచి జూన్ |
| విశాఖ – అరకు | దాదాపు 4 గంటల ప్రయాణంలో రెండో సగం | తిరుపతి నుంచి రాత్రి బండి | విశాఖలో ఒకటి | అక్టోబరు నుంచి జనవరి |
| సకలేశ్‌పుర – సుబ్రహ్మణ్య రోడ్ | 55 కి.మీ., రెండు గంటల పైన | బెంగళూరు దాకా బస్సు లేదా రైలు | బెంగళూరులో ఒకటి | సెప్టెంబరు నుంచి డిసెంబరు |
| క్యాసిల్ రాక్ – కులెం | 26 కి.మీ., గంట పైన | తిరుపతి నుంచి హరిప్రియలో లోండా, అక్కడి నుంచి గోవా | గోవాలో బస | జూలై నుంచి అక్టోబరు |

## ఊటీ: ఇంజిన్ కోసం వెళ్లాల్సిన ప్రయాణం

మన జిల్లా వాళ్లకు ఊటీ రైలు ఎంత దగ్గరో చాలామంది గమనించరు. చెన్నై సెంట్రల్ నుంచి రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ పదకొండు ప్రాంతంలో కాట్పాడిలో ఆగుతుంది. చిత్తూరు బస్టాండులో వేలూరు బస్సు ఎక్కితే కాట్పాడి దారిలోనే వస్తుంది. సీఎంసీ ఆసుపత్రికని ఎన్నోసార్లు వెళ్లొచ్చిన దారే అది. తిరుపతి వాళ్లకు పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైళ్లున్నాయి. ఒక్క జాగ్రత్త, తిరుపతి – కాట్పాడి మధ్య ఒకటే లైను. 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు కేంద్ర క్యాబినెట్ 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది గానీ, అది పూర్తయ్యేదాకా క్రాసింగ్ కోసం బండ్లు ఆగుతూనే ఉంటాయి. కాట్పాడికి రెండు గంటల ముందే చేరేలా చూసుకోండి. అక్కడ ఎక్కి పడుకుంటే పొద్దున ఆరు దాటాక మెట్టుపాళయం. ఏడు దాటిన కాసేపటికి కొండ రైలు బయలుదేరుతుంది. ఎక్కడా గది తీసుకోనక్కర్లేదు. మధ్యలో రాత్రి బస అక్కర్లేకుండా కలిసే కొండ రైలు ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

ఇక రైలు సంగతి. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పు) లైను ఇది. 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. 330 మీటర్ల ఎత్తున్న మెట్టుపాళయం నుంచి 2,200 మీటర్ల ఎత్తున్న ఊటీకి ఎక్కిస్తుంది. కల్లార్ దాటాక పట్టాల మధ్యలోకి చూడండి. రెండు ఇనప పట్టీలు కనిపిస్తాయి, వాటికి రంపం పళ్లలా పళ్లుంటాయి. ఇంజిన్ కింద ఉండే పళ్ల చక్రం వాటిలో ఇరుక్కుంటూ బండిని పైకి నెడుతుంది. అవును, నెడుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ వెనక ఉంటుంది, పెట్టెలు ముందుంటాయి. పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కే వాలు అది. ఆసియాలో ఇంత నిటారు రైలు మార్గం ఇంకోటి లేదంటారు. అందుకే ఆ భాగంలో బండి మనిషి పరుగు కంటే నెమ్మదిగా పోతుంది.

హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో ఆవిరి ఇంజిన్‌కు నీళ్లు పట్టడానికి ఆపుతారు. బండి ఆగీ ఆగకముందే జనం దిగిపోయి ఇంజిన్ దగ్గరికి వెళ్తారు. పైనుంచి గొట్టం తిప్పి ట్యాంకులోకి నీళ్లు వదులుతుంటే, కింద ఒక మనిషి నూనె డబ్బా పట్టుకుని చక్రాల పక్కనే కూర్చుని ఒక్కో కీలుకూ నూనె పోస్తుంటాడు. ఇంజిన్ పక్కన నిలబడితే మొహానికి వేడి కొడుతుంది, వీపుకు కొండ చలి తగులుతుంది. టీ, వడ దొరుకుతాయి. కోతులు మాత్రం తిరుమల నడకదారి కోతులకు ఏమాత్రం తీసిపోవు. పిల్లల చేతిలో బిస్కెట్ పొట్లం ఉంటే దాచేయండి. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మగా చూసిన ఆవిరి ఇంజిన్ కళ్లముందు పని చేస్తుంటే చూడటం, నా దృష్టిలో ఊటీ ఊరికంటే విలువైనది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పెట్టెల్లో బాత్రూమ్ ఉండదు, స్టేషన్లలో ఆగినప్పుడే చూసుకోవాలి. రెండో తరగతి బెంచీలు ఇరుకు, ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. ఐదు గంటలు అలా కూర్చోవాలి. ఎత్తు, చలి వల్ల ఉబ్బసం ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలకు కొండచరియలు పడి, మెట్టుపాళయం – కూనూరు భాగంలో రైళ్లు రద్దవుతుంటాయి. అందుకే దసరా, దీపావళి సెలవులకు ఊటీ రైలు పెట్టుకోవద్దనే చెప్తాను.

టికెట్ దొరకడం అసలు కష్టం. బండి చిన్నది, సీట్లు తక్కువ, దేశమంతా దానికోసమే చూస్తుంటుంది. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. వేసవి శని, ఆదివారాలకు తెరిచిన పొద్దున్నే అయిపోతాయి. మంగళ, బుధవారాలు చూస్తే అవకాశం ఎక్కువ. దొరక్కపోతే ఇంకో దారుంది. కూనూరు – ఊటీ మధ్య రోజుకు కొన్ని రైళ్లు తిరుగుతాయి. పళ్ల పట్టా భాగం కూనూరుతో అయిపోతుంది, పైన డీజిల్ ఇంజిన్ లాగుతుంది. అయినా వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ మీదుగా తేయాకు తోటలు, లోయలు చూస్తూ గంటా గంటన్నరలో వెళ్లిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు ఈ చిన్న ప్రయాణమే మేలు. మిగతావాళ్లు మెట్టుపాళయంలో ఎక్కి రండి, వాళ్లు కారులో కూనూరు వచ్చి మీతో కలుస్తారు. సొంత వాహనంలో నీలగిరికి వెళ్లేవాళ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ నిబంధన ఉంది, బయలుదేరే ముందే తీసుకోండి.

## సకలేశ్‌పుర ఘాట్: సుబ్రహ్మణ్యస్వామి దర్శనంతో కలిపి

కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య గుడికి మన జిల్లా నుంచి వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించినవాళ్లే, సర్పసంస్కారానికో ఆశ్లేష బలికో కుక్కే వెళ్తారు. ఎక్కువమంది రాత్రి బస్సులో పోయి రాత్రి బస్సులో వస్తారు, ఘాట్ మొత్తం నిద్రలోనే గడిచిపోతుంది. అదే ప్రయాణాన్ని పగటి రైలుకు మార్చుకుంటే, దర్శనంతో పాటు దక్షిణాదిలోనే గొప్ప రైలు మార్గాల్లో ఒకటి చూసినవాళ్లవుతారు.

యశ్వంతపురలో పొద్దున ఏడింటికి మంగళూరు వైపు బయలుదేరే పగటి రైళ్లు ఉన్నాయి. అన్నీ రోజూ ఉండవు, వారాలు చూసుకోవాలి. మధ్యాహ్నానికి సకలేశ్‌పుర వస్తుంది. అక్కడి నుంచి దోణిగల్, కడగరవళ్లి, ఎడకుమేరి, సిరిబాగిలు మీదుగా సుబ్రహ్మణ్య రోడ్ దాకా 55 కిలోమీటర్లు కొండ దిగుతుంది. 57 సొరంగాలు, వందకు పైగా వంతెనలు. 1979లో మీటర్ గేజ్‌గా మొదలైన లైను ఇది. 1996లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాలు) వేయడం కోసం మూసేసి, ప్రయాణికుల రైళ్లు మళ్లీ నడిపింది 2007 డిసెంబరులో. అంటే పదకొండేళ్లు ఈ అడవిలో ప్రయాణికుల రైలే లేదు.

ఇక్కడ చూపు ఎలా ఉంటుందంటే, ముందు చీకటి. పెట్టెలో పిల్లలంతా ఒకేసారి కేకలు వేస్తారు. ఒక్కసారిగా వెలుగు పడి, కింద రాళ్ల మీద తెల్లగా దూకే వాగు, ఎదురుగా అడవి కమ్మిన కొండ కనిపిస్తాయి. ఫోన్ తీసేలోపు మళ్లీ చీకటి. రెండు గంటల పైన ఇదే సాగుతుంది. కొన్ని సొరంగాల్లో గోడల మీద నుంచి నీళ్లు కారుతూ కిటికీలో నుంచి తుంపరలు లోపలికి వస్తాయి. ఫోన్ జేబులో పెట్టేసి కళ్లతో చూడమని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి.

2021 జూలై నుంచి ఈ పగటి రైళ్లకు విస్టాడోమ్ కోచ్‌లు తగిలించారు. పెద్ద అద్దాలు, పైకప్పులో అద్దం, ఏసీ, తిరిగే సీట్లు. ఛార్జీ ఎక్కువే. పెద్దవాళ్లు ఉంటే ఆ డబ్బు పెట్టడం సబబే, ఒంటికి హాయిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా మామూలు సెకండ్ సిట్టింగే. ఏసీ కోచ్‌లో అద్దం తెరుచుకోదు. అడవి వాసన, వాగు చప్పుడు, సొరంగంలోంచి వచ్చే చల్లటి గాలి మామూలు పెట్టెలోనే తగులుతాయి. తలుపు దగ్గర మెట్ల మీద కూర్చోవద్దు. సొరంగం గోడ ఎంత దగ్గరగా ఉంటుందో బయట తొంగిచూసినవాళ్లకు తెలియదు. పట్టాల వెంట నడిచే ట్రెక్కింగ్‌కు కూడా అనుమతి లేదు.

ఈ లైనుకు వాన ఒక సమస్య. 2024 జూలైలో కడగరవళ్లి – ఎడకుమేరి మధ్య కొండచరియ విరిగి పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు చాలా రోజులు ఆగాయి. 2025లో విద్యుదీకరణ పనుల కోసం పగటి రైళ్లను నెలల తరబడి ఆపారు. కాబట్టి జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా టికెట్ తీసుకుంటే, రైలు రద్దయినా దర్శనం ఆగకుండా బస్సు దారి ఒకటి మనసులో పెట్టుకోండి. సెప్టెంబరు తర్వాత వాగులు నిండుగానే ఉంటాయి, రైలు మీద నమ్మకం కూడా పెరుగుతుంది.

సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ నుంచి గుడి దాదాపు 12 కిలోమీటర్లు, జీపులు, బస్సులు దొరుకుతాయి. సర్పసంస్కారం రెండు రోజుల పూజ, ముందే బుక్ చేసుకోవాలి. పూజ తేదీ ముందు ఖాయం చేసుకుని దానికి తగ్గట్టు రైలు వెతకండి, తలకిందులుగా చేస్తే రెండూ కుదరవు. తిరుగు ప్రయాణానికి కుక్కే నుంచి బెంగళూరుకు రాత్రి బస్సులున్నాయి. బెంగళూరు నుంచి చిత్తూరు, తిరుపతికి ఏ వేళకైనా బస్సు దొరుకుతుంది.

## అరకు: మన భాషలో సాగే ప్రయాణం

అరకు రైలుకు ఒక గొప్ప సుఖం ఉంది. స్టేషన్‌లో అడగడం, హోటల్‌లో చెప్పడం, ఆటో బేరం, అన్నీ తెలుగులోనే. మొదటిసారి బయటికి వెళ్లే పెద్దవాళ్లకు అది ఎంత ధైర్యమో వాళ్లతో వెళ్లినవాళ్లకు తెలుస్తుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస – కిరండూల్ లైను ఇది. బరువైన ఖనిజం బండ్ల కోసం వేసిన బ్రాడ్‌గేజ్ కాబట్టి ఊటీలా బొమ్మ రైలు కాదు, మామూలు పెద్ద రైలే కొండెక్కుతుంది. విశాఖ – అరకు మధ్య 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రాడ్‌గేజ్‌లో అంత ఎత్తున్న స్టేషన్లు దేశంలో తక్కువ. శృంగవరపుకోట దాకా మామూలు పల్లెలు, పొలాలే. బొడ్డవర, శివలింగపురం దాటాక కొండలు మొదలవుతాయి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, అక్కడి నుంచి శిమిలిగుడ. నిద్ర పోవాలనుకుంటే మొదటి గంటన్నర పోండి, ఆ తర్వాత వద్దు.

చిక్కంతా చేరడంలోనే ఉంది. తిరుపతిలో తిరుమల ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండి ఎక్కితే విశాఖ చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు పొద్దున ఏడు లోపే వెళ్లిపోతుంది. అంటే ఆ రోజు విశాఖలో ఉండి, సింహాచలం, బీచ్ చూసుకుని, మర్నాడు పొద్దున రైలెక్కాలి. నాలుగైదు రోజులు చేతిలో లేకపోతే అరకు పెట్టుకోవద్దు. శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం ఆఫీసుకు రావాలంటే పరుగులే మిగులుతాయి.

ఈ రైలుకు కూడా 2017 నుంచి విస్టాడోమ్ ఉంది, త్వరగా నిండిపోతుంది. లైను మీద ఖనిజం బండ్ల రద్దీ, డబ్లింగ్ పనులు ఉండటంతో రైలు అక్కడక్కడా ఆగిపోతుంది. అరకులో మధ్యాహ్నానికి దిగుతారనుకుని ప్లాన్ వేయండి. పైకి రైల్లో వెళ్లి, కిందికి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా రావడం మేలు. సాయంత్రం దిగే రైలు చలికాలంలో చీకట్లో పడుతుంది, రోడ్డు మీద వస్తే గాలికొండ, కాఫీ తోటలు, బొర్రా గుహలు దారిలోనే చూసుకోవచ్చు. వలిసె పూలు పూసే అక్టోబరు, నవంబరులో లోయ పసుపు పచ్చగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున మంచు. వేసవిలో విశాఖ ఉక్కపోత భరించి అరకు వెళ్లడం నాకు సబబుగా తోచదు.

## దూధ్‌సాగర్: వాన కోసం, కుర్రాళ్ల కోసం

310 మీటర్ల ఎత్తు నుంచి నాలుగు అంచెలుగా పడే జలపాతం ముందు నుంచి రైలు వంతెన మీద పోతుంది. జూలై, ఆగస్టులో తుంపరలు కిటికీల దాకా వస్తాయి. ఆ ఒక్క దృశ్యం మీదే ఈ ప్రయాణం నిలబడుతుంది. మిగతా మూడింటిలో గంటల తరబడి చూపు ఉంటుంది, ఇక్కడ జలపాతం కొన్ని నిమిషాలే. చుట్టూ ఉన్న పశ్చిమ కనుమల అడవి మాత్రం అద్భుతం.

తిరుపతి నుంచి రోజూ వెళ్లే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి మీదుగా లోండా చేరుతుంది. ఘాట్ దిగే రైలుకు అక్కడ మారాలి. ఇక్కడే ఒక కిటుకు. గోవా వైపు దిగే రైళ్లలో కొన్ని ఈ భాగాన్ని చీకట్లో దాటేస్తాయి. కాబట్టి గోవాకు ఎలాగోలా చేరి, తిరుగు ప్రయాణంలో ఘాట్ చూడండి. గోవాలోని వాస్కోలో మధ్యాహ్నం బయలుదేరే గోవా ఎక్స్‌ప్రెస్, పొద్దున బయలుదేరే అమరావతి ఎక్స్‌ప్రెస్ వెలుగుండగానే పైకి ఎక్కుతాయి. అమరావతి వారంలో కొన్ని రోజులే. దాంట్లో గుంతకల్లులో దిగితే తిరుపతికి రాత్రి బండి దొరుకుతుంది. కులెంలో రైలును తోయడానికి అదనపు ఇంజిన్లు తగిలిస్తారు, అది పిల్లలకు చూపించండి.

జలపాతం దగ్గర దిగడానికి ప్రయత్నించకండి. 2023 వానల్లో పట్టాల వెంట జనం గుంపులుగా వెళ్తే రైల్వే పోలీసులు ఆపి చర్యలు తీసుకున్నారు. కింద నుంచి జలపాతం చూడాలంటే వానలు తగ్గాక, అక్టోబరు నుంచి, కులెంలో అటవీ దారి జీపులు నడుస్తాయి. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇది వద్దంటాను. బండ్లు మారడం, వాన, సామాన్లు, ఆలస్యాలు. నలుగురు స్నేహితులు బ్యాగు భుజాన వేసుకుని వెళ్తే మాత్రం దీనికి సాటి లేదు.

డార్జిలింగ్, కాల్కా – సిమ్లా లైన్లను ఈ పోలికలో చేర్చలేదు. రెండూ గొప్పవే, రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే. అయితే ఇక్కడి నుంచి రానూపోనూ రోజులే ఎక్కువ. ఢిల్లీ, కాశీ యాత్రో, కోల్‌కతాలో పెళ్లో ఉంటే దానికి కలుపుకోండి.

## ఎవరికి ఏది చెప్తాను

ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లుంటే, పిల్లలూ వస్తుంటే, సకలేశ్‌పుర. రైల్లో బాత్రూమ్ ఉంటుంది, ఎత్తు సమస్య లేదు, చలి లేదు, దిగాక గుడి ఉంది. అవ్వకు దర్శనం, మనవడికి సొరంగాలు. తిండికి కూడా ఇబ్బంది లేదు, చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుని వెళ్తే మధ్యాహ్నం గడిచిపోతుంది.

పదేళ్ల పిల్లాడు ఇంజిన్లంటే పడిచస్తుంటే ఆలోచించక్కర్లేదు, ఊటీ. వాడికి పళ్ల పట్టా చూపించడానికి అదే వయసు. కొత్తగా పెళ్లయినవాళ్లకూ ఊటీ, కాకపోతే మేలో కాకుండా ఫిబ్రవరిలో. జనం తక్కువ, టికెట్ సులువు.

మొదటిసారి రాష్ట్రం చూడాలనుకునే రిటైరైన దంపతులకు అరకు. సెలవుల గొడవ లేదు కాబట్టి విశాఖలో రెండు రోజులు నిదానంగా ఉండొచ్చు. ఖర్చు గట్టిగా చూసుకోవాల్సిన వాళ్లకు ఊటీ రెండో తరగతి, లాడ్జి అదనం లేదు కాబట్టి. అయితే ఊటీలో గది వేసవిలో మండిపోతుంది, అదే రోజు మెట్టుపాళయానికి దిగొచ్చి రాత్రి అదే నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెనక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్కరోజు ప్రయాణమైనా రైలు కోసమే వెళ్లేవాళ్లకు అది చాలు.

పిల్లలు అసలు రైలే ఎక్కలేదా? ముందు ఇంటి దగ్గరే ఒకసారి తిప్పండి. రేణిగుంట నుంచి కడప వైపు పగటి బండిలో మామండూరు, బాలపల్లి, శెట్టిగుంట మీదుగా కోడూరు దాకా వెళ్తే శేషాచలం అడవి పక్కనే వస్తుంది. ఇది ఘాట్ లైను కాదు, సొరంగాల వరుస ఉండదు. ఎర్రచందనం పెరిగే కొండలను రైలు కిటికీలోంచి చూడొచ్చు, పిల్లలు కుదురుగా కూర్చుంటారో లేదో కూడా తెలుస్తుంది.

## బుకింగ్ వరుస

కొండ రైలు టికెట్ ముందు, మిగతావన్నీ ఆ తర్వాత. చాలామంది కాట్పాడి బండి, ఊటీ హోటల్ తీసేసుకుని, చివర్లో కొండ రైలు చూస్తే వెయిటింగ్ లిస్టు. 60 రోజుల లెక్క వేసుకుని, ఆ రోజు పొద్దున 8 గంటలకు ఐఆర్‌సీటీసీలో కూర్చోండి. ప్రయాణికుల పేర్లు, వయసులు ముందు రోజే నింపి పెట్టుకోండి. కొండ రైలు ఖాయమయ్యాక దానికి చేరే రాత్రి బండి, ఆ తర్వాత తిరుగు ప్రయాణం, చివర గది.

ప్రయాణానికి వారం ముందు, మళ్లీ ముందు రోజు, ఎన్‌టీఈఎస్‌లో (రైళ్ల రాకపోకలు చూపే రైల్వే యాప్, వెబ్‌సైట్) రైలు నడుస్తోందో లేదో చూడండి. కొండ లైన్లలో రద్దు వార్త చాలాసార్లు ఒక్కరోజు ముందే వస్తుంది. ఊటీ రైలు రద్దయితే మెట్టుపాళయం నుంచి కూనూరుకు బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఊటీకి నడిచే చిన్న రైలు ఎక్కేయండి. విస్టాడోమ్ దొరకకపోతే అదే రైల్లో మామూలు పెట్టె. కిరండూల్ రైలుకు జనరల్ టికెట్ అప్పటికప్పుడు విశాఖ స్టేషన్‌లో ఇస్తారు, కిటికీ సీటు కావాలంటే ఆరు గంటలకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి.